గడ్డి కోతలో మిగిలిన గంట ఎవరిది?



"గల్ఫ్‌ల ఉన్నప్పుడు ఇసుక మీద పని చేసిన. ఇప్పుడు గోల్ఫ్‌ల గడ్డి మీద పని చేస్తున్న. ఒక్క గుణింతమే తేడా అన్నా!" అని జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు పోయిన వేసవిలో నవ్వుతూ అన్నాడు. మూడు వారాలు తిరక్కుండానే అదే తమ్ముడు కాలికి కట్టుతో, చేతికింద కర్రతో మా ఆదివారం సాయం బల్ల దగ్గరకు వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

ఏమైందంటే, అతను ఒంటారియోలో ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసే మిషన్ నడుపుతాడు. పొద్దున ఏడు గంటలకల్లా ఆటగాళ్లు వస్తారు, ఆలోగా టీ బాక్సులన్నీ కోసేయాలని సూపర్‌వైజర్ మాట. మంచు తడి ఆరలేదు. ఒక టీ మీద కోత అయిపోయింది, పక్కదానికి పోవాలి. తొందరలో గట్టు వాలు మీదే మిషన్ తిప్పాడు. చక్రాలు జారాయి. మిషన్ అడ్డంగా జారి కిందికి పోయింది, ఇతని చీలమండ విరిగింది. దవాఖానాకు తీసుకుపోతూ దారిలో సూపర్‌వైజర్ చెప్పిన మాట ఏమిటో తెలుసా? "ఇంట్లో మెట్ల మీద జారానని చెప్పు. లేకపోతే నీ పర్మిట్‌కే ఇబ్బంది."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఈ విషయం రాయాలనే ఉంది. "మేము బిల్డింగ్ పని వాళ్లం, ఇళ్లలో పని చేసేవాళ్లం, మాకెందుకు గోల్ఫ్ గొడవ?" అని మీరు అనుకోవచ్చు. కెనడాలో రెండు వేలకు పైగా గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి. చలికాలం బిల్డింగ్ పని, ఎండాకాలం గోల్ఫ్ పని చేసేవాళ్లు మనలోనే ఉన్నారు. ఇళ్లలో పిల్లల్ని చూసుకునే అక్కల భర్తలు, తమ్ముళ్లు ఈ పనిలో ఉన్నారు. పైగా నేను చెప్పబోయేది గడ్డి సంగతే అయినా, "తొందరగా కానీ" అనే మాట మీ అందరి చెవుల్లోనూ రోజూ పడేదే.

ముందు పని గురించి

నేను చదివింది బీకాం. గడ్డి గురించి తెలిసింది తక్కువే, లెక్క రాయడం మాత్రం తెలుసు. అందుకని ఆ తమ్ముణ్ణీ, అదే పని చేసే మరో ఇద్దరినీ కూర్చోబెట్టి పని ఎలా జరుగుతుందో అడిగి రాసుకున్నాను.

గోల్ఫ్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కోర్సులో మామూలుగా 18 గుంతలు ఉంటాయి. ఒక్కో గుంతకు ఆట మొదలుపెట్టే చోటు టీ బాక్స్. చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా, పైన చదునుగా, మన ఊళ్లో గద్దె కట్టినట్టు ఉంటుంది. ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు, బాగా ఆడేవాళ్లకు వేర్వేరు దూరాలు కాబట్టి ఒక్కో గుంతకు మూడు, నాలుగు, ఒక్కోచోట ఐదు గద్దెలు కూడా ఉంటాయి. పైన గడ్డి అర అంగుళం లోపే ఉండాలి. పెరిగే కాలంలో వారానికి రెండు మూడుసార్లు కోయాలి.

కోసే మిషన్‌ను రైడింగ్ రీల్ మోవర్ అంటారు. ముందు రెండు, మధ్యలో ఒకటి, మొత్తం మూడు రీళ్లు. రీలు అంటే మెలి తిరిగిన బ్లేడ్లున్న డోలు లాంటిది. అది తిరుగుతూ గడ్డిని కింద కదలకుండా ఉండే బ్లేడు మీదికి తోస్తుంది. రెండు అంచుల మధ్య గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. ఇళ్ల ముందు వాడే మిషన్ గడ్డిని కొట్టి తెంపుతుంది. ఇది కత్తిరిస్తుంది. అదీ తేడా.

సిరిసిల్ల వాళ్లకు ఇంకో మాట చెబితే సంతోషిస్తారు. ఈ రీలు మిషన్ పుట్టింది బట్టల మిల్లు నుంచే. ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరి దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్, నేసిన ఉన్ని బట్ట మీద లేచిన నూగును కత్తిరించే మిషన్ చూసి, ఇదే పద్ధతిలో గడ్డి ఎందుకు కోయకూడదు అనుకున్నాడు. 1830లో పేటెంటు తీసుకున్నాడు. మగ్గం దగ్గర పెరిగినవాళ్లు ఇవాళ ఈ మిషన్ ఎక్కి కూర్చోవడం నాకైతే వింతగా అనిపించలేదు. పనితనం ఉన్న చేతులు ఏ మిషన్ అయినా పట్టుకుంటాయి.

వేగం వేరు, పొందిక వేరు

ఇప్పుడు అసలు సంగతి. యజమాని "తొందరగా కోయి" అంటే మనవాళ్లు చేసే మొదటి పని ఏమిటి? కాలు గట్టిగా నొక్కడం. దాని వల్ల ఎంత మిగులుతుందో లెక్క వేద్దాం. నేను తీసుకున్న కొలతలు ఉదాహరణకే. మీ కోర్సులో కొలతలు పెట్టి మీరే లెక్క కట్టుకోవచ్చు.

ఒక గద్దె 20 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు అనుకోండి. మూడు రీళ్ల మిషన్ ఒక్కసారికి దాదాపు మీటరున్నర కోస్తుంది. సాలు మీద సాలు కొంచెం ఎక్కించాలి కాబట్టి 1.35 మీటర్లు అనుకుందాం. పొడుగునా కోస్తే 7 సాళ్లు. అంటే 140 మీటర్లు నడపాలి. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో 84 సెకన్లు. వేగం 7 కిలోమీటర్లకు పెంచితే 72 సెకన్లు. మిగిలింది 12 సెకన్లు. 18 గుంతలకు మూడేసి గద్దెలు, మొత్తం 54. అన్నీ కలిపితే మిగిలేది 11 నిమిషాల లోపే.

అదే గద్దెను అడ్డంగా కోస్తే? 15 సాళ్లు. నడిపే దూరం దాదాపు అంతే, 135 మీటర్లు. కానీ మలుపులు చూడండి. పొడుగునా కోస్తే 6 మలుపులు, అడ్డంగా కోస్తే 14. ఒక్కో మలుపులో రీళ్లు ఎత్తి, తిప్పి, మళ్లీ దించడానికి 10 సెకన్లు వేసుకున్నా, గద్దెకు 80 సెకన్ల తేడా. 54 గద్దెలకు 72 నిమిషాలు!

కాలు నొక్కితే 11 నిమిషాలు. దిక్కు మార్చితే 72 నిమిషాలు. ఇది ఏ గోల్ఫ్ పుస్తకంలోనో ఉన్న రహస్యం కాదు. మన నాయన, తాత అరక కట్టినప్పుడు చేసిన పనే. పొడుగాటి మడిని ఎవరైనా అడ్డంగా దున్నుతారా? ఎడ్లను ఎన్నిసార్లు తిప్పాలో తెలిసినవాడు పొడుగు సాలే తీస్తాడు. ఎప్పుడూ ఒకే దిక్కున కోస్తే గడ్డి ఆ పక్కకే వాలిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు ఏటవాలుగా, అడ్డంగా కోయాలి. ఇరువాలు దున్నినట్టే అదీ. కానీ ఏ రోజు ఏ దిక్కు అనేది ముందే అనుకుంటే మలుపుల లెక్క మన చేతిలో ఉంటుంది.

ఇంకా ఇలాంటివి చాలా ఉన్నాయి. టీ మీద ఆటగాళ్లకు గుర్తుగా పెట్టే మార్కర్లను మిషన్ నడిపేవాడే దిగి తీసి, కోసి, మళ్లీ దిగి పెడితే ఒక్కో గద్దెకు రెండుసార్లు ఎక్కి దిగాలి. చెత్తబుట్టలు ఖాళీ చేసే మనిషి ఎలాగూ ముందు పోతాడు. అతనే మార్కర్లు పక్కకు పెట్టి, విరిగిన కొయ్య పుల్లలు, రాళ్లు ఏరేస్తే మిషన్ ఆగకుండా పోతుంది, బ్లేడు కూడా దెబ్బ తినదు. చుట్టూ అంచు వెంట తిరిగే చివరి సాలు ప్రతిసారీ అదే జాడలో పడితే అక్కడ గడ్డి అరిగి పసుపు పడుతుంది. ఒక్కోసారి ఆ సాలు వదిలేయడం గడ్డికీ మంచిది, టైముకూ మంచిది. మలుపు తిరిగేటప్పుడు అక్కడికక్కడే గిర్రున తిప్పకుండా, చదును నేల మీద నీటిబొట్టు ఆకారంలో విశాలంగా తిప్పితే తర్వాతి సాలుకు మిషన్ తిన్నగా వస్తుంది. చక్రం గడ్డిని పీకదు. పొద్దున బయలుదేరే ముందు పది నిమిషాలు ఆయిలు కారుతోందా, రీలు సరిగ్గా తెగుతోందా, టైర్లలో గాలి ఉందా చూసుకుంటే మధ్యలో రెండు గంటలు ఆగిపోయే గండం తప్పుతుంది. హైడ్రాలిక్ ఆయిలు గడ్డి మీద కారితే ఎక్కడెక్కడ కారిందో అక్కడల్లా మాడిపోతుంది. ఆ గీత వారాల తరబడి కనిపిస్తుంది, మాట మాత్రం నడిపినవాడి మీదికే వస్తుంది.

మరీ వేగంగా నడిపితే రీలు తిరిగే వేగానికీ, మిషన్ పోయే వేగానికీ పొత్తు కుదరదు. గడ్డి అలలు అలలుగా తెగుతుంది. మళ్లీ కోయాల్సి వస్తుంది. పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు అని పెద్దలు ఊరికే అనలేదు.

కాబట్టి నా మొదటి మాట ఇది. పని తొందరగా కావడం అంటే మనిషి పరిగెత్తడం కాదు, పనికి పొందిక ఉండడం. ఆ పొందిక పెట్టాల్సింది పని చేయించేవాళ్లు. పొందిక వాళ్లు పెట్టకుండా, ఆ లోటును మన కాళ్ల వేగంతో పూడ్చుకోవడమే అన్యాయం.

మరి మిగిలిన గంట ఎవరి ఖాతాలో?

ఈ లెక్క చెప్పగానే ఆ తమ్ముళ్లలో ఒకరు అన్నాడు: "అన్నా, నువ్వు చెప్పినట్టు చేస్తే రోజుకు గంట తొందరగా అయిపోతది. అప్పుడు నన్ను గంట ముందే ఇంటికి పంపిస్తరు. నష్టం ఎవరికి?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా పొందిక గురించి మాట్లాడేవాళ్లను నేనూ నమ్మను.

లెక్క చూద్దాం. ఒంటారియోలో 2025 అక్టోబరు 1 నుంచి కనీస వేతనం గంటకు 17.60 డాలర్లు. 72 నిమిషాలంటే 21 డాలర్ల 12 సెంట్లు. వారానికి మూడుసార్లు కోస్తే 63 డాలర్ల 36 సెంట్లు. సీజను 26 వారాలు అనుకుంటే 1,647 డాలర్లు. పని తెలిసిన మనిషి బుర్రతో కోర్సుకు మిగిలేది అదీ. ఇప్పుడు ఆ మనిషికి గంటకు ఒక్క డాలరు పెంచారనుకోండి. వారానికి 40 గంటలు, 26 వారాలు, 1,040 డాలర్లు. అప్పటికీ యజమానికి 600 డాలర్లు మిగులుతాయి. గడ్డి బాగుంటుంది, బ్లేడ్లు బాగుంటాయి, అవి వేరే.

అందుకే మిగిలిన గంటను ఊరికే ఇచ్చేయకండి, అలాగని దాచిపెట్టి దొంగతనంగా గడపకండి కూడా. రెండూ మనల్ని చిన్నబుచ్చేవే. చెప్పి అడగండి. "ఈ పద్ధతిలో కోస్తే ఇంత టైము మిగులుతోంది. ఆ టైములో మిషన్ చెకింగు, కడగడం, బ్లేడ్ల సెట్టింగు నేర్చుకోవడం పెట్టండి. నా పేరు లేబర్ లిస్టులో కాకుండా ఆపరేటరుగా రాయండి. జీతం మాట్లాడదాం" అని సీజను మొదట్లోనే అడగండి. ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి. నోటితో అడిగినా, ఆ సాయంత్రమే ఒక మెసేజీలో రాసి పంపండి. రాత ఉంటేనే లెక్క ఉన్నట్టు. బీకాంలో నాకు ఒంటబట్టింది ఆ ఒక్క ముక్కే.

ఎల్‌ఎంఐఏ మీద వచ్చినవాళ్లు ఇంకోటి గుర్తు పెట్టుకోండి. మీ ఆఫరులో రాసిన జీతం, గంటలు, పని ఏదో కాగితం కాదు. దాని ప్రకారమే నడుచుకుంటామని యజమాని కెనడా ప్రభుత్వానికి ఒప్పుకున్నాడు. తొందరగా కోశారని గంటలకు గంటలు కోసేయడం ఆయన ఇష్టం కాదు.

అందరూ ఒప్పుకుంటారని నేను అనను. "అడిగితే వచ్చే ఏడు పిలవరు" అనే భయం నిజమే. కానీ అడగనివాళ్లను అందరినీ పిలుస్తున్నారా? పని బాగా తెలిసిన ఆపరేటరును వదులుకోవడం యజమానికీ నష్టమే. రీలు సెట్టింగు తెలిసినవాడు రోడ్డు మీద దొరకడు.

వాలు మీద ధైర్యం పనికిరాదు

టీ బాక్స్ పైన చదునుగా ఉంటుంది, చిక్కంతా చుట్టూ ఉన్న గట్టుతోనే. ఒక గద్దె నుంచి ఇంకో గద్దెకు పోయేటప్పుడు దగ్గరి దారి అని గట్టు మీద నుంచి దింపుతారు. తడి ఉన్నప్పుడు, రీళ్లు ఎత్తి ఉన్నప్పుడు, వేగంగా ఉన్నప్పుడు వాలు మీద మలుపు తిప్పితే ఏమవుతుందో పైన చెప్పాను. ఏ వైపు నుంచి ఎక్కాలి, ఏ వైపు నుంచి దిగాలి, ఏ వాలు మీదికి మిషన్ అసలు పోకూడదు అనేది మొదటి రోజే నడిచి చూపించమనండి. చూపించకపోతే అడగండి. మంచు ఎక్కువగా ఉన్న రోజు ఏ టీలు చివర కోయాలో కూడా అడగండి.

కొన్ని మిషన్ల మీద, బోల్తా పడితే మనిషిని కాపాడడానికి ఇనుప చట్రం ఉంటుంది. చట్రం నిలబెట్టి ఉన్నప్పుడు బెల్టు తప్పకుండా పెట్టుకోవాలి. చట్రం మడిచి ఉన్నా, అసలు లేకపోయినా బెల్టు సంగతి వేరు, ఎందుకంటే మిషన్‌తో పాటే మనిషి కింద పడతాడు. మీ మిషన్‌కు ఏది వర్తిస్తుందో దాని మీద అంటించిన బొమ్మల్లో, దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే ఫోటో తీసి మాకు పంపండి, చదివి చెబుతాం.

రీల్లో గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి, తాళం తీసి, అన్నీ కదలకుండా నిలిచాకే ముట్టుకోవాలి. ఇంజను ఆగినా ఒక బ్లేడును కదిపితే రీలంతా తిరుగుతుంది. వేలు తెగడానికి అర తిప్పు చాలు. హైడ్రాలిక్ పైపు ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకండి, అట్టముక్క పెట్టి చూడండి. సూదిమొన అంత రంధ్రం నుంచి వచ్చే ఆయిలు చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, కానీ గంటల్లో ఆపరేషను చేయకపోతే చెయ్యే పోవచ్చు. చెవులకు రక్షణ పెట్టుకోండి. ఒంటారియోలో ఎనిమిది గంటల పనికి చప్పుడు హద్దు 85 డెసిబెల్స్. మందు కొట్టిన గడ్డి మీదికి ఎప్పుడు పోవచ్చో అడగండి. ఏ మందు కొట్టారో తెలుసుకునే హక్కు మీకుంది.

ఒంటారియోలో ప్రతి పనివాడికీ ఆరోగ్య భద్రత మీద ప్రాథమిక శిక్షణ ఇవ్వాలని 2014 జూలై 1 నుంచి నిబంధన ఉంది. ఇంత కంటే ముఖ్యమైనది, ప్రమాదం ఉందని మీకు నమ్మకంగా అనిపిస్తే "ఈ పని చేయను" అనే హక్కు. దీనికి పద్ధతి ఉంది. మిషన్ వదిలి ఇంటికి పోకూడదు. వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. దగ్గర్లో సురక్షితమైన చోట ఉండాలి. ఆయన పనివాళ్ల ప్రతినిధిని పిలిచి మీ ముందే చూడాలి. అప్పటికీ తేలకపోతే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరును పిలవాలి. ఈ కారణంగా మిమ్మల్ని తీసేయడం, జీతం కోయడం, బెదిరించడం చట్టానికి వ్యతిరేకం. కార్మిక శాఖ భద్రతా ఫోను 1-877-202-0008. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. బిల్డింగ్ పని అన్నలకు కూడా ఇదే హక్కు, ఇదే నంబరు.

చట్టంలో చిన్న అక్షరాలు

మన మంచి కోసం ఉన్న చట్టంలోనే మనల్ని బయట నిలబెట్టే చిన్న అక్షరాలు ఉంటాయి. అవి కూడా చెప్పాలి.

ఒంటారియోలో వారానికి 44 గంటలు దాటితే గంటకు ఒకటిన్నర రెట్లు ఓవర్‌టైము రావాలి. కానీ "ల్యాండ్‌స్కేప్ గార్డెనర్" అనే పేరుకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. కొందరు యజమానులు గడ్డి ముట్టుకున్న ప్రతివాణ్ణీ ఆ పేరు కింద రాసి 60 గంటలకు కూడా మామూలు జీతమే ఇస్తారు. మీ పని ఆ పేరు కిందికి వస్తుందా రాదా అనేది మీరు నిజంగా చేసే పనిని బట్టి తేలుతుంది, పేస్లిప్ మీద ఆయన రాసిన పేరును బట్టి కాదు. కాబట్టి "నువ్వు గార్డెనర్‌వి, నీకు ఓవర్‌టైము లేదు" అంటే తల ఊపి వచ్చేయకండి. రోజూ ఎక్కిన టైము, దిగిన టైము, చేసిన పని ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం పట్టుకుని రండి.

నా అభిప్రాయం అడిగితే, ఆ మినహాయింపే ఉండకూడదు. ఎండలో పన్నెండు గంటలు కూర్చుని మిషన్ నడిపినవాడి నడుముకు, ఫ్యాక్టరీలో నిలబడ్డవాడి నడుముకు తేడా ఏమిటి?

ఇళ్లలో పని చేసే అక్కలకు ఇంకా పెద్ద అన్యాయం ఉంది. ఇంటి యజమానే నేరుగా పెట్టుకున్న పనివాళ్లు ఆ ఇంట్లో చేసే పనికి, నేను పైన చెప్పిన ఒంటారియో భద్రతా చట్టం వర్తించదు. అంటే ఆరో మెట్టు మీద నిలబడి కిటికీ తుడవమంటే "చేయను" అనే హక్కు ఆ చట్టం మీకు ఇవ్వలేదు. కనీస వేతనం, ఓవర్‌టైము మాత్రం మీకు ఉన్నాయి. వారానికి 24 గంటలకు మించి చేస్తే గాయాల బీమా కూడా యజమాని కట్టాలి. గోల్ఫ్ కోర్సు కంచె లోపల, ఇంటి తలుపు లోపల పని చేసేవాళ్లు బయటికి కనిపించరు. కనిపించని వాళ్లనే చట్టం చిన్న అక్షరాల్లో మర్చిపోతుంది. మనం కలిసి మాట్లాడాల్సింది అందుకే.

గాయం ఇంట్లో కాదు, పనిలో అయింది

మళ్లీ మన తమ్ముడి దగ్గరకు వస్తాను. "ఇంట్లో జారాను" అని అతను చెప్పలేదు. భయపడుతూనే డాక్టరుకు నిజం చెప్పాడు. ఆ ఒక్క మాట అతన్ని కాపాడింది. పనిలో అయిన గాయం అని డాక్టరు రాశాడు. మేము కూర్చుని డబ్ల్యూఎస్‌ఐబీ వాళ్ల ఆరో నంబరు ఫారం నింపాం. గాయమైన ఆర్నెల్ల లోపు అది పంపాలి. తమ వంతు ఫారం యజమాని మూడు పనిదినాల్లో పంపాలి. గాయం చెప్పొద్దని బెదిరించడం నేరం. ఆ సంగతి మర్యాదగా ఒక మెయిల్‌లో రాసి పంపాక, సూపర్‌వైజర్ గొంతు మారింది. నడవలేని రోజులకు అతనికి డబ్బు వచ్చింది, ఫిజియోథెరపీ జరిగింది. పర్మిట్‌కు ఏమీ కాలేదు.

గాయాల బీమాకు మీ జీతంలో నుంచి ఒక్క సెంటు కూడా కోయకూడదు. మీ కంపెనీకి ఈ బీమా ఉందో లేదో పనిలో చేరిన రోజే అడగండి.

పర్మిట్ ఒకే యజమాని పేరు మీద ఉన్నవాళ్ల భయం నాకు తెలుసు. ఆ భయం మీదే చాలామంది వ్యాపారం నడుస్తోంది. అందుకే ఒక సంగతి ఇంటికి కూడా చెప్పి పెట్టండి. పనిలో వేధింపు, మోసం, బెదిరింపు ఉంటే, వేరే చోట పని చేసుకునేలా వల్నరబుల్ వర్కర్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 నుంచి ఇది ఉంది. ఫీజు లేదు. మెసేజీలు, ఫోటోలు, పేస్లిప్పులు, రాసుకున్న పుస్తకం దానికి ఆధారాలు. తాత్కాలిక విదేశీ కార్మికుల మీద జరిగే అన్యాయాన్ని పేరు చెప్పకుండా సర్వీస్ కెనడాకు చెప్పే నంబరు 1-866-602-9448. పని ఇప్పించానని ఏజెంటు గాని, యజమాని గాని మీ దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు వసూలు చేస్తే అదీ చెప్పండి.

చివరగా ఒక్క మాట. మనవాళ్లలో ఒక గర్వం ఉంది. "తెలుగోళ్లు పనిలో గట్టోళ్లు, ఇద్దరు చేసేది ఒక్కరే చేస్తరు" అని పొగిడితే ఛాతీ ఉబ్బుతుంది. నాకూ ఉబ్బుతుంది. కానీ ఇద్దరు చేసేది ఒక్కరు చేసి ఒక్కరి జీతమే తీసుకుంటే, రెండో జీతం ఎక్కడికి పోయిందో అడగాలి కదా? గట్టితనం అంటే తడి గట్టు మీద మిషన్ తిప్పడం కాదు. పొడుగు సాలు ఏదో చూసుకుని, నెమ్మదిగా తిప్పుకుని, మిగిలిన టైముకు లెక్క అడగడం.

ఆ తమ్ముడు ఈ వసంతంలో మళ్లీ పనికి పోతున్నాడు. కోర్సు వేరు, మిషన్ అదే. పోయే ముందు నా దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీలో గద్దెల పొడవు, వెడల్పు రాసుకుంటానన్నాడు. రెండో పేజీలో గంటలు.

మీరూ ఒకటి కొనుక్కోండి. ఆదివారం పట్టుకుని రండి, కూర్చుని లెక్క చూద్దాం.